జైసల్మేర్ ఇసుక దారిలో బొలెరో దిగబడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నలూ, ఫతేగఢ్ దగ్గర సోలార్ సైటులో పని. బండి బొలెరో క్యాంపర్, వెనక చక్రాలే లాగుతాయి. తారు రోడ్డు నుంచి సైటుకి 14 కిలోమీటర్లు మట్టిదారి. సగం గతుకులు, సగం ఇసుక. వారానికి రెండుసార్లు ట్రాక్టరుతో లాగించాల్సి వస్తోంది. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండి అడగడం తప్ప దారి లేదా?

జవాబు: బండి మార్చే ముందు టైర్లలో గాలి మార్చండి తమ్ముడూ. తారు రోడ్డు గాలితోనే ఇసుకలోకి దిగితే ఫోర్ వీలైనా కూరుకుపోతుంది. ఇసుక మొదలయ్యే చోట ఆగి నాలుగు టైర్లూ 18 పీఎస్‌ఐకి దించండి. పది అడుగులు నడిపి, దిగి ముద్ర చూడండి. టైరు పువ్వు (నేలకి ఆనే గీతల భాగం) వెడల్పుగా, పైపైనే అచ్చు పడితే చాలు. గాడి కోసుకుపోయి అంచులు కూలుతుంటే ఇంకో రెండు తీయండి. 15 కంటే దించొద్దు, మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. ట్యూబు టైర్లయితే 18 దగ్గరే ఆగండి. గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది.

గాలి తగ్గించాక వేగం గంటకి 30 కిలోమీటర్లు దాటొద్దు. తారు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. మెత్తటి టైరుతో వేగంగా పోతే పక్క గోడలు కాగి పేలిపోతాయి. 12 వోల్టుల కంప్రెసర్ క్లిప్పులు నేరుగా బ్యాటరీకే పెట్టండి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజు పోతుంది.

ఇంకొకరి జవాబు: ఖాళీ క్యాంపర్‌కి వెనక బరువుండదు, అందుకే చక్రం ఉత్తినే తిరుగుతుంది. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు అయిదు వెనక ఇరుసు మీదకొచ్చేలా తాడుతో బిగించండి, వంద కిలోలు. ఆ ఎండలో బండి ఆగిపోతే తాగడానికీ అవే. మే నెలలో మనిషికి రోజుకి ఆరు లీటర్లకు తక్కువ లెక్కేయొద్దు. బండి చెడితే దాన్ని వదిలి నడిచిపోవద్దు, దాని నీడలోనే ఉండండి.

ప్రశ్న: అన్నా, అప్పటికే దిగబడిపోతే?

జవాబు: చక్రం ఖాళీగా తిరిగిందంటే ఆ క్షణమే కాలు తీసేయాలి. ఇంకో నాలుగు చుట్లు తిరిగితే వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు ఇసుక మీద కూర్చుంటుంది, చక్రాలు గాల్లో వేలాడతాయి. పారతో ముందు గుండు కింద ఇసుక లాగండి, తర్వాత వెనక చక్రాల వెనకవైపు ఏటవాలుగా తీసి గోనెసంచులు పరవండి. వచ్చిన గాడిలోనే రివర్సులో మెల్లగా బయటికి రండి. ఆ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది, ముందుకు పోవడం కంటే తేలిక. జాకీ కింద అడుగు చదరం, అంగుళంన్నర మందం చెక్క పెట్టకపోతే బండి లేవదు, జాకీయే దిగుతుంది.

గతుకుల సగం గురించి: సిమెంటు రేకులా అడ్డంగా అలలు పడిన చోట మామూలు గాలిలో పావు వంతు తగ్గించి 30-35 వేగంలో పోండి. 70లో పోతే కుదుపు తెలియదంటారు, నిజమే, కానీ టైరు నేలకి సరిగా ఆనదు, బ్రేకు పట్టదు. ఆ వణుకుకి వీల్ నట్లు, కమాను పట్టీల యూ బోల్టులు, బ్యాటరీ క్లాంపు వదులవుతాయి. వారానికోసారి పానా పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ రెండు రోజులకోసారి విప్పి లోపలి నుంచి బయటికి తక్కువ గాలి కొట్టండి. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు.