సర్జికల్ వార్డులో హెచ్చరిక స్కోరు: సిబ్బంది అభ్యంతరాలకు ఏం చెప్పాలి?

ప్రశ్న (వార్డు ఇన్‌ఛార్జి నర్సు, విజయవాడ)

అందరికీ నమస్కారం. ఆపరేషన్ అయిన రోగి పరిస్థితి విషమిస్తుంటే ముందుగానే పసిగట్టాలని, బ్రిటన్‌లో వాడే న్యూస్-2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, అంటే ముందస్తు హెచ్చరిక స్కోరు) చార్టును మా జనరల్ సర్జరీ వార్డులో ప్రవేశపెట్టారు. వైటల్స్ (నాడి, బీపీ, శ్వాస వంటి కొలతలు) రాయడానికే సమయం చాలడం లేదు, పైగా ఈ లెక్కలు ఎందుకని స్టాఫ్ నర్సులు అడుగుతున్నారు. స్కోరు పెరిగిందని అర్ధరాత్రి ఫోన్ చేస్తే, బీపీ బాగానే ఉంది కదా, పొద్దున రౌండ్స్‌లో చూస్తానని డ్యూటీ డాక్టర్లు అంటున్నారు. ఈ పద్ధతిలో పనిచేసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (సర్జికల్ వార్డు నర్సు, ఇంగ్లండ్)

సిస్టర్, ఇక్కడి వార్డుల్లోనూ ఈ మాటలు వినిపిస్తూనే ఉంటాయి. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ఈ స్కోరులో శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, రోగికి ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం అనే ఏడు అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి పాయింట్లు వేసి కూడితే వచ్చే మొత్తం 5 లేదా అంతకంటే ఎక్కువైతే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7 లేదా అంతకంటే ఎక్కువైతే అత్యవసరంగా భావించాలి. జూనియర్ నర్సులకు ఇందులో నచ్చేది ఫోన్‌లో దొరికే బలం. రోగి ఎందుకో బాగా లేరండీ అని నసిగే బదులు, గంట క్రితం 2 ఉన్న స్కోరు ఇప్పుడు 5 అయిందని చెబితే అవతలివారు తేలిగ్గా కొట్టిపారేయలేరు.

అయితే ముందు మీ చార్టుల్లో శ్వాస గడి చూడండి. రోగులందరికీ 18 లేదా 20 అని వరుసగా రాసి ఉంటే, ఎవరూ లెక్కపెట్టడం లేదని అర్థం. పేగు కోసి కుట్టిన మూడో రోజు రోగిని ఊహించండి. బీపీ 118/70, బయటి ఆక్సిజన్ లేకుండానే 97 శాతం, జ్వరం 37.8 సెల్సియస్, స్పృహ మామూలుగానే ఉంది, నాడి 112. శ్వాసను అలవాటుగా 20 అని రాస్తే స్కోరు 2 వస్తుంది. నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టినప్పుడు 26 అని తేలితే అదే రోగి స్కోరు 5 అవుతుంది. కుట్టు దగ్గర లీకవుతోందేమోనని అనుమానించాల్సిన సమయం అది, బీపీ పడిపోయేదాకా ఆగకూడదు.

జవాబు (అనస్థీషియా వైద్యుడు, హైదరాబాద్)

ఇంగ్లండ్ సిస్టర్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డాక్టర్ల విసుగుకూ కొంత కారణం ఉంది. నొప్పి వల్ల నాడి పెరిగినా, ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర ఇచ్చే నొప్పి మందు) వల్ల బీపీ తగ్గినా, ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ పెట్టి తీయడం మరిచినా (దానికే 2 పాయింట్లు) స్కోరు పెరుగుతుంది. మరోవైపు బీటా బ్లాకర్ (నాడి వేగాన్ని తగ్గించే మందు) వాడే రోగిలో రక్తస్రావం జరుగుతున్నా నాడి పెరగకపోవచ్చు. మూత్రం ఎంత వస్తోందన్నది ఈ లెక్కలో లేనే లేదు, కాబట్టి దాన్ని విడిగా చూడాలి.

ఇక పిలిచినా రాకపోవడం గురించి. ఇది నర్సులు గట్టిగా అడిగినంత మాత్రాన తీరే సమస్య కాదు. ఏ స్కోరుకు ఎవరు రావాలి, ఎంతసేపట్లో రావాలి, రాకపోతే నర్సు నేరుగా ఎవరికి ఫోన్ చేయవచ్చు అన్నది కాగితంపై రాసి, సర్జరీ విభాగాధిపతి చేత సంతకం చేయించండి. స్కోరు తక్కువగా ఉన్నా, నర్సుకు ఆందోళనగా ఉంటే పిలవవచ్చని కూడా అందులో చేర్చండి. ఆస్ట్రేలియాలో 23 ఆసుపత్రుల్లో అత్యవసర వైద్య బృందాలపై జరిపి 2005లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, పిలవాల్సిన లక్షణాలు కనిపించినా చాలాసార్లు బృందాన్ని పిలవనేలేదు, ఫలితాల్లోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించలేదు. చార్టు ఒక్కటే పెట్టి ఊరుకుంటే మీ వార్డులోనూ అదే జరుగుతుందని నా భయం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు డాక్టర్ గారు. శ్వాస లెక్కించడం రేపటి హ్యాండోవర్ నుంచే మొదలుపెడతాము. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై దీర్ఘకాలం ఉండే ఊపిరితిత్తుల జబ్బు) రోగులకు స్కోరు ఎప్పుడూ ఎక్కువే వస్తోంది. వారికీ ఇదే చార్టా?

జవాబు (అనస్థీషియా వైద్యుడు)

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే సమస్య నిర్ధారణ అయినవారికి 88 నుంచి 92 శాతం లక్ష్యంగా రెండో ఆక్సిజన్ స్కేలు అదే చార్టులో ఉంది. సీఓపీడీ అని పేరున్న ప్రతి రోగికీ దాన్ని వాడకూడదు, డాక్టర్ కేస్ షీటులో రాసి సంతకం చేస్తేనే వాడాలి. పదహారేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ ఈ చార్టు పనికిరాదు, వారికి వేరే చార్టులు ఉన్నాయి.