కక్షిదారుల వివరాలున్న నోట్సును ఇంటర్నెట్‌తో పని లేకుండా, మన పరికరాల్లోనే అమర్చుకోవడం ఎలా?

సివిల్‌వకీలు (ప్రశ్న):

నేను ఒక జిల్లా కోర్టులో సివిల్ దావాలు చూసే న్యాయవాదిని. కక్షిదారులు చెప్పిన సంగతులు, సాక్షులను అడగవలసిన ప్రశ్నలు, వాయిదాలో ఏం జరిగిందన్నది, చదివిన తీర్పుల సారాంశాలు, ఇవన్నీ ఇప్పటివరకు కొంత నోటు పుస్తకాల్లోను, కొంత వర్డ్ ఫైళ్లలోను ఉన్నాయి. వీటిని ఒక చోటికి చేర్చి, ఒక దావా నోట్సు నుంచి దానికి పనికివచ్చే తీర్పు నోట్సుకు నేరుగా వెళ్లగలిగేలా అమర్చుకోవాలని ఉంది.

కోర్టు హాలులో సిగ్నల్ సరిగా అందదు కనుక ల్యాప్‌టాప్‌లోను, ఆండ్రాయిడ్ ఫోనులోను ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి. కక్షిదారు నాతో చెప్పుకొన్న మాటలు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ (న్యాయవాది బయటపెట్టకూడని సంభాషణలు) కిందకు వస్తాయి కనుక, అవి మరొకరి సర్వర్‌లో చదవగలిగే రూపంలో ఉండకూడదు. నోషన్ అనే నోట్సు యాప్‌లో 2025లో ఆఫ్‌లైన్ సదుపాయం వచ్చిందని మా జూనియర్ అంటున్నాడు. అది సరిపోతుందా, లేక అబ్సిడియన్, జాప్లిన్ వంటి నోట్సు యాప్‌లు మేలా? నోట్సులో సగానికి పైగా తెలుగే. పాతవి కొన్ని అను ఫాంట్లలో టైపు చేయించినవి.

అసలుప్రతి:

నోషన్ మీ మొదటి షరతును కొంతవరకు తీర్చవచ్చు గాని, రెండోదాన్ని తీర్చదు. అక్కడ అసలు ప్రతి సంస్థ సర్వర్‌లో ఉంటుంది, మీ ఫోనులో ఉండేది నకలు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మన పరికరాల్లో తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా వేసే తాళం) లేదు కనుక ఆ అసలు ప్రతిని చదవగలిగే సాంకేతిక అవకాశం సంస్థకు ఉంటుంది. అసలు ప్రతి మన పరికరంలోనే ఉండాలి, సర్వర్ అంటూ ఉంటే అది నకలుకే పరిమితం కావాలి అన్న ఆలోచనకు ఇంక్ అండ్ స్విచ్ అనే పరిశోధన బృందం 2019లో రాసిన వ్యాసంలో ‘లోకల్-ఫస్ట్’ అని పేరు పెట్టింది. అసలు దస్తావేజుకూ జిరాక్సుకూ ఉన్న తేడా న్యాయవాదికి చెప్పనక్కరలేదు.

నా ఓటు అబ్సిడియన్‌కు. అందులో ఖాతా తెరవనవసరం లేదు. మీ కంప్యూటర్‌లోని ఒక ఫోల్డరే మీ నోట్సు సంచయం, ప్రతి నోటూ ఒక మార్క్‌డౌన్ ఫైలు. మార్క్‌డౌన్ 2004 నుంచి ఉన్న మామూలు పాఠ రూపం కనుక, రేపు అబ్సిడియన్ మూతపడినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. జోడు చదరపు బ్రాకెట్లలో మరో నోటు పేరు రాస్తే లింకు ఏర్పడుతుంది, ఆ తీర్పును ఏయే దావాల్లో ప్రస్తావించారో తీర్పు నోటు వైపు నుంచి కూడా కనిపిస్తుంది. వృత్తిపరమైన వాడకానికి ఒకప్పుడు లైసెన్సు కొనవలసి ఉండేది, 2025 ఫిబ్రవరి నుంచి ఆ నిబంధన లేదు.

ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. లినక్స్‌లో, సాధారణంగా ఆండ్రాయిడ్‌లో కూడా, ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. అంటే 85 సంకేతాలకు మించిన తెలుగు పేరు విండోస్‌లో చక్కగా ఉండి, ఫోనులోకి వెళ్లేటప్పుడు మొరాయిస్తుంది. ప్రతి కేసుకూ గుర్తింపుగా కోర్టు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరునే ఫైలు పేరుగా పెట్టి, ‘పొలం గట్టు దావా’ వంటి తెలుగు పేరును అబ్సిడియన్ అనుమతించే మారుపేరుగా చేర్చండి.

తాళంచెవి:

సీఎన్ఆర్ సలహా బాగుంది గాని, అప్పీలుకు వెళితే పైకోర్టులో కొత్త సీఎన్ఆర్ వస్తుంది కనుక రెండు నోట్లనూ ఒకదానికొకటి లింకు చేయాలి.

అబ్సిడియన్ విషయంలో నాకు భేదాభిప్రాయం ఉంది. అది ఉచితమే తప్ప ఓపెన్ సోర్సు కాదు, అంటే దాని కోడును ఎవరైనా చదివి పరీక్షించే వీలు లేదు. అందులో వాడుకరులు తయారుచేసిన ప్లగిన్లకు (అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాములకు) మీ ఫైళ్లను చదవడానికీ, ఇంటర్నెట్‌కు వెళ్లడానికీ అడ్డు ఉండదు. మొదట వాటిని నిలిపి ఉంచే నియంత్రిత పద్ధతిలోనే అది తెరుచుకుంటుంది. కక్షిదారుల నోట్సు ఉన్నచోట ఆ పద్ధతిని అలాగే ఉంచడం మంచిది. జాప్లిన్ ఓపెన్ సోర్సు, పరికరాల మధ్య నోట్సును కలిపే సింక్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా అందులోనే ఉంది. నోట్సును డేటాబేసులో దాస్తుంది కనుక ఫైళ్లను నేరుగా తెరవలేరు, అయితే ఎప్పుడు కావాలన్నా మార్క్‌డౌన్‌గా ఎగుమతి చేసుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా, ల్యాప్‌టాప్‌లో ఉన్న నోట్సును ఆ యాప్ తానుగా ఎన్‌క్రిప్ట్ చేయదు. ల్యాప్‌టాప్ పోతే హార్డ్ డిస్కు తీసి ఎవరైనా చదవవచ్చు. విండోస్ ప్రోలో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంటుంది, అది లేని చోట ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్‌తో ఒక ఎన్‌క్రిప్టెడ్ డ్రైవు చేసుకుని నోట్సును అందులో పెట్టండి. రిపేరు షాపువారు లాగిన్ పాస్‌వర్డ్ అడిగినా, మూసి ఉన్న ఆ డ్రైవు మాత్రం తెరుచుకోదు. మరో సంగతి: చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో డాక్యుమెంట్స్ ఫోల్డరు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్‌లో చేరి ఉంటుంది. నోట్సును అక్కడ పెడితే మీకు తెలియకుండానే క్లౌడ్‌కు చేరుతుంది.

సివిల్‌వకీలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫైళ్లు నేరుగా కనబడటం నాకు ముఖ్యం కనుక ప్లగిన్లు లేకుండా అబ్సిడియన్ వైపే మొగ్గుతున్నాను. వన్‌డ్రైవ్ సంగతి ఇప్పుడే చూశాను, నా డాక్యుమెంట్స్ అందులోనే ఉంది. ఇక రెండు సందేహాలు. తెలుగులో వెతుకులాట ఎలా ఉంటుంది? క్లౌడ్ లేకుండా ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నోట్సును కలపడం ఎలా?

పొల్లు_గుడి:

వెతుకులాట గురించి చెబుతాను. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కనుక పూర్తి మాటతో వెతికితే సగం దొరకవు. ‘సాక్షి’ అని వెతికితే ‘సాక్షులు’ రాదు, ‘సాక్ష’ అని ఆపితే రెండూ వస్తాయి. ‘పొలం’ బదులు ‘పొల’ అనాలి. అనవసరమైనవి కూడా కొన్ని వస్తాయి, అయినా ముఖ్యమైనది తప్పిపోవడం కంటే అదే నయం. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన మాటల చివర ‘రిజిస్ట్రార్‌’లో లాగా కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండిపోవచ్చు. మాట ఎదురుగా కనబడుతున్నా దొరకకపోతే, దాన్ని కాపీ చేయకుండా చేత్తో టైపు చేసి వెతకండి.

అను ఫాంట్ల నోట్సును ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికించవద్దు. అది యూనికోడ్ (అన్ని పరికరాల్లోనూ చదవగలిగే ప్రామాణిక అక్షర సంకేతాలు) కాదు, ఆ ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపిస్తుంది. మార్క్‌డౌన్ ఫైలు ఫాంటును దాచుకోదు కనుక అర్థంలేని గుర్తులే మిగులుతాయి. ముందు యూనికోడ్‌కు మార్చాలి. మార్చాక ఒత్తులను, అంకెలను, ముఖ్యంగా సర్వే నంబర్లను కంటితో సరిచూడాలి. కక్షిదారుల వివరాలున్న పాఠాన్ని ఆన్‌లైన్ కన్వర్టర్లలో అతికిస్తే ఇంత జాగ్రత్తా వృథా అవుతుంది, కంప్యూటర్‌లోనే నడిచే కన్వర్టర్‌ను వాడండి.

అసలుప్రతి:

కలపడానికి సింక్‌థింగ్ అనే ప్రోగ్రాము సరిపోతుంది. ఫైళ్లు ఏ సర్వర్‌లోనూ నిల్వ ఉండకుండా, ఎన్‌క్రిప్ట్ అయి ఒక పరికరం నుంచి మరొకదానికి నేరుగా వెళతాయి, ఇంట్లో వైఫై ఉంటే చాలు. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది, ఇప్పుడు వాడుతున్నది దాని నుంచి ఇతరులు చేసిన సింక్‌థింగ్-ఫోర్క్. ఫోనులో అబ్సిడియన్ ఫోల్డరును యాప్ సొంత నిల్వలో కాకుండా ఫోను నిల్వలో పెట్టాలి, లేకపోతే సింక్‌థింగ్‌కు అది కనబడదు. వెరాక్రిప్ట్ డ్రైవును తెరిచాకే ల్యాప్‌టాప్‌లో సింక్‌థింగ్‌ను మొదలుపెట్టండి.

ఒకే నోటును రెండు చోట్లా మార్చితే సింక్‌థింగ్ రెండింటినీ ఉంచి, ఒకదాని పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అని చేరుస్తుంది. అలాంటివి కనబడితే అప్పటికప్పుడు చదివి కలిపేయాలి. అంతకన్నా ముఖ్యం, ఫోనులో పొరపాటున చెరిపినది ల్యాప్‌టాప్‌లోనూ చెరిగిపోతుంది కనుక దీన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టవద్దు. ఫోల్డరు సెట్టింగులలో, మారిన, చెరిగిన ఫైళ్ల పాత ప్రతులను దాచే ఫైల్ వెర్షనింగ్ మామూలుగా ఆపి ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. వారానికొకసారి ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవులోకి ఒక ప్రతి తీసి, దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో కాక ఆఫీసు బీరువాలో పెట్టండి.