చదువుకునే గదికి ముదురు నీలమా, మీగడ రంగా?

ప్రశ్న:
మా చదువుకునే గదికి ఉన్నది ఒకటే కిటికీ, దానిలోంచి నేరుగా ఎండ పడదు. నాలుగు గోడలకూ ఒకే రంగు వేయించాలనుకుని షేడ్ కార్డులో ముదురు నీలాన్నీ, మీగడ రంగునూ పక్కన పెట్టుకున్నాం. గది ఇరుకుగా కనిపిస్తుందన్న భయంతో ఇంట్లోవారు మీగడ రంగే వేయిద్దామంటున్నారు, నా మనసు నీలం మీద ఉంది. ఏది మేలో, ఎందుకో వివరించగలరా?

మొదటి సమాధానం:
రంగుల తయారీదారులు ఇచ్చే కాంతి పరావర్తన విలువను ముందుగా చూడండి. నలుపుకు 0, తెలుపుకు 100 అనుకుంటే మీగడ రంగులు సాధారణంగా 70కి పైన, ముదురు నీలాలు 10కి లోపు ఉంటాయి. అంటే గోడ మీద పడిన వెలుతురులో చాలా భాగాన్ని నీలం మింగేస్తుంది కనుక, పట్టపగలు కూడా దీపం వేసుకోవలసి రావచ్చు. నా ఓటు మీ ఇంట్లోవారికే.

రెండవ సమాధానం:
ఆ లెక్క సరైనదే కానీ, ఎండ రాని గదిలోకి వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు. దానికి నీలి ఛాయ ఉంటుంది కాబట్టి మీగడలోని పసుపుదనం అణగిపోయి, గోడ పాలిపోయి బూడిద వన్నెలో కనిపించే అవకాశం ఉంది. గదిని రాత్రిళ్లే ఎక్కువగా వాడేటట్లయితే లెక్క మళ్లీ మారుతుంది: 2700 కెల్విన్ (దీపపు వెలుగు ఛాయను తెలిపే కొలత) ఉన్న పసుపు దీపం కింద మీగడ రంగు వెచ్చగా కనిపిస్తుంది, నీలం నలుపు వైపు జారుతుంది, 6500 కెల్విన్ తెల్లని దీపం కింద నీలం నీలంగానే నిలుస్తుంది. షేడ్ కార్డులోని చిన్న ముక్కను నమ్మవద్దు. పెద్ద అట్టల మీద రెండేసి పూతలు వేసి, చుట్టూ తెల్లని అంచు వదిలి, వేర్వేరు గోడల దగ్గర నిలబెట్టి ఉదయమూ రాత్రీ చూడండి. పాత గోడ రంగు పక్కనే ఉంటే కొత్త రంగు వేరుగా తోస్తుంది. ఈ ప్రభావాన్ని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లోనే విపులంగా వివరించాడు.

మూడవ సమాధానం:
నిర్వహణ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ముదురు రంగును మెరుపు లేని మ్యాట్‌ పూతలో వేయిస్తే చేతులు రాసుకున్న చోట మెరుపు మరకలు తేలుతాయి, తర్వాత వేసిన అతుకు పూత కూడా విడిగా తెలుస్తుంది. పైగా ఎప్పుడైనా లేత రంగుకు మళ్లాలంటే ముందు ప్రైమర్ తప్పదు. ఒక్క గోడకే నీలం వేయించే ఆలోచన ఉంటే మాత్రం కిటికీ ఉన్న గోడను వదిలేయండి. చీకటి గోడ నడుమ వెలిగే అద్దం కళ్లకు మరింత గుచ్చుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
గదిని వాడేది ఎక్కువగా రాత్రిపూటే, ఉన్నది పసుపు దీపం. అయితే ముందు దీపం మార్చి, ఆ తర్వాతే అట్టలకు రంగు వేసి చూస్తాను.