పసిపాప, కుక్క, మిద్దెతోట ఉన్న ఇంట్లో వినాయక చవితి: మీరు ఎలా చేస్తున్నారు?

మిద్దెతోట_కాకినాడ:
అందరికీ నమస్కారం. మా పాపకు రెండున్నరేళ్లు. ఇంట్లో మూడేళ్ల నాటు కుక్క ఉంది. మిద్దె మీద నలభై కుండీల తోట. నిరుడు చవితినాడు బజారులో కొన్న పత్రి కట్టను నట్టింట్లో చాప మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఉండ్రాళ్ల గిన్నె దించి వచ్చేసరికి పాప ఏదో ఆకు నములుతోంది, పక్కనే కుక్క ఇంకో రెమ్మను చీలుస్తోంది. పాప నోట్లోంచి తీసింది మామిడాకు. కానీ అదే కట్టలో ముళ్ల కాయతో సహా ఉమ్మెత్త కొమ్మ ఉంది. ఆ రోజంతా నా చేతుల వణుకు తగ్గలేదు.

పండుగ తగ్గించుకోవాలని లేదు. పాప చేతులతోనే పూజ చేయించాలని ఉంది. ఇలాంటి ఇళ్లలో మీరేం చేస్తున్నారో చెప్పండి.

గోదావరి_బామ్మ:
అమ్మా, నువ్వు భయపడటం న్యాయమే. ఇరవై ఒక్క పత్రాల్లో మూడింటిని పసిపిల్లలున్న ఇంటి గడప దాటనివ్వకు. దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర అంటే గన్నేరు, అర్క అంటే జిల్లేడు. ఆ మూడు నామాలు వచ్చినప్పుడు మేము అక్షతలు వేసి నమస్కరిస్తాం. దొరకని ద్రవ్యానికి బదులు అక్షతలు సమర్పించడం మన పూజల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

అసలు కట్ట కొనడమే మానేయమంటాను. అందులో ఏది ఏ ఆకో అమ్మేవారికే సరిగా తెలియదు. మాచిపత్రి అని నాకు ఒకసారి వయ్యారిభామ అనే కలుపు మొక్క ఇచ్చారు, చేతులన్నీ దురదలు. నీ మిద్దె మీదే సగం పత్రి పెంచుకోవచ్చు. తులసి, మరువం, గరిక, విష్ణుక్రాంతం చిన్న కుండీల్లో వస్తాయి. దానిమ్మ, జాజి, వావిలి పెద్ద తొట్టెల్లో వేయి. వావిలి కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. ఉత్తరేణిని పెంచనక్కరలేదు, గోడ పక్కన అదే మొలిచి గింజలను మన చీర కుచ్చెళ్లకు అంటిస్తుంది.

పాపకు గరిక పని అప్పగించు. మా మనవడు మూడేళ్లప్పుడు తెల్లవారగానే నాతో వచ్చి ఒక్కొక్క పరక ఏరి ఇత్తడి పళ్లెంలో పెట్టేవాడు, గంటసేపు కదిలేవాడు కాదు. వీధి గట్టున కోసిన గరికైతే మూడు నీళ్లు పోసి కడుగు, అక్కడ కుక్కలు తిరుగుతాయి.

ఓరుగల్లు_నాన్న:
జిల్లేడు గురించి నా అనుభవం. బాబును భుజాన ఎక్కించుకుని ఖాళీ స్థలంలో జిల్లేడాకులు తెంపాను. చేయి కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను. నొప్పి పెద్దగా లేదు, అందుకే పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆ కంటికి అంతా పొగమంచులా కనిపించింది. కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఆ పాలు పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చట. అదే బాబు కంట్లో పడి ఉంటే వాడు చెప్పగలిగేవాడా? పాలు కంట్లో పడిన క్షణమే కనీసం పావుగంట ధారగా మంచినీళ్లతో కడిగి, నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాలి.

పిల్లల_వార్డు_నర్సు:
ఆకుల కంటే ముందు కర్పూరం డబ్బా ఎక్కడుందో చూసుకోండి. ఆ బిళ్లలు పసివాళ్లకు పటికబెల్లంలా కనిపిస్తాయి. కొద్దిగా మింగినా కొన్ని నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. నా పదకొండేళ్ల ఉద్యోగంలో పండుగ రోజుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. హారతి పళ్లెంలో ఒక్క బిళ్ల పెట్టి, మిగతా డబ్బా బీరువాలోకి వెళ్లిపోవాలి.

ఇంకొకటి, మట్టి వినాయకుడికి గురివింద గింజలతో కళ్లు పెట్టడం. ఎంత అందంగా ఉన్నా ఆ గింజ నమిలితే ప్రాణాంతకం. బదులు మిరియాలు పెట్టండి.

ఉమ్మెత్త తిన్న పిల్లలకు నోరు ఎండిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, లేనిదాన్ని గాలిలో పట్టుకోబోతారు. గన్నేరు గుండె లయను దెబ్బతీస్తుంది, పచ్చ గన్నేరు గింజలు మరీ ప్రమాదం. ఏది తిన్నా ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. 108కి ఫోను చేయండి, నమిలిన ఆకునో డబ్బానో వెంట తీసుకురండి. ఏం తిన్నాడో తెలిస్తే మా పని సగం సులువవుతుంది.

గుగ్గిళ్లు కూడా నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజలుగా ఇవ్వవద్దు, మెత్తగా మెదిపి పెట్టండి. ఉండ్రాయిని చిదిపి ఇవ్వండి.

శునకమిత్ర_విజయవాడ:
ఇక్కడ ఎవరూ పాలవెల్లి గురించి చెప్పలేదు. మేము ఏటా దానికి దానిమ్మ, వెలక్కాయ, ద్రాక్ష గుత్తి, మొక్కజొన్న పొత్తులు కడతాం. రెండేళ్ల కిందట ఉద్వాసన చెప్పి విప్పిన పళ్లన్నీ బుట్టలో వేశాం. పొత్తు ఒకటి తక్కువైన సంగతి ఎవరూ గమనించలేదు. మూడో రోజు మా లాబ్రడార్ వాంతులు మొదలుపెట్టింది, నీళ్లు కూడా ఇమడలేదు. పొత్తు కండె ముక్క పేగులో ఇరుక్కుందని స్కానింగులో తేలింది, ఆపరేషన్ చేసి తీశారు. బతికింది. గింజలు కరుగుతాయి కానీ కండె కరగదని ఆ రోజే తెలిసింది. ఆ ఆసుపత్రి బల్ల పక్కన నిలబడిన రాత్రి నేను మరిచిపోలేను.

ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది, ఎండుద్రాక్ష కూడా అంతే. అంటే కిస్‌మిస్ వేసిన పరమాన్నం దానికి పెట్టకూడదు. ప్రసాదమని ప్రేమగా పెట్టే చుట్టాలకు ముందే చెప్పండి. మా దానికి ఉప్పు వేయని ఉండ్రాళ్లు రెండు వేరుగా చేస్తాను.

ఊరేగింపు రోజున డప్పుల మోతకు అది వణుకుతుంది. లోపలి గదిలో తలుపులు వేసి, ఫ్యాను పెట్టి, దాని పాత దుప్పటి పరుస్తాం. మా అబ్బాయి పక్కనే కూర్చుని బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తాడు. నిజంగా కుదుటపడుతుంది.

హ్యూస్టన్_తెలుగిల్లు:
ఇక్కడ గన్నేరు రోడ్ల పక్కన, ఇళ్ల కంచెల వెంట విరివిగా ఉంటుంది. ఊరి మీద బెంగతో తెంపుకొచ్చేవారు ఉన్నారు, దయచేసి వద్దు. మా పిల్లలు దొరకని ఆకులను కాగితం మీద గీసి రంగులు వేసి కత్తిరిస్తారు, పూజలో పేరు పేరునా వాటినే పెడతాం. మా ఆరేళ్లమ్మాయికి ఇరవై ఒక్క పేర్లూ అలాగే వచ్చాయి.

మిద్దెతోట_కాకినాడ:
పండుగ అయ్యాక రాస్తున్నాను, ఎంతో తృప్తిగా ఉంది. బామ్మగారూ, మా తోటలో తొమ్మిది రకాలు దొరికాయి. మామిడి, రావి, రేగు పక్క వీధిలో నేనే చూసి కోశాను. మిగతావాటికి అక్షతలు. "ఓం సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి" అనగానే పాప "పూజామి" అంటూ రెండు చేతులతో గరిక వేసింది, ఏ నామానికైనా గరికే. కర్పూరం బీరువాలో పెట్టాం. పాలవెల్లికి ఈసారి ద్రాక్ష కట్టలేదు, పొత్తులను లెక్కపెట్టి విప్పాను.

విగ్రహం జానెడు మట్టిది, రంగులు లేవు. పాప పక్కనే తన వినాయకుణ్ణి చేసుకుంది. తొండం ఉంది, చెవులు లేవు. మిరియపు కళ్లు మాత్రం తనే గుచ్చింది. మూడో రోజు రెండింటినీ పెద్ద టబ్బులో నిమజ్జనం చేశాం. తెల్లవారేసరికి అంతా బురద నీరు. పాప తొంగి చూసి ఏడ్చింది. ఆ నీళ్లు దానిమ్మ కుండీలో పోస్తూ, ఇందులో ఉన్నాడమ్మా అన్నాను. అప్పటినుంచి రోజూ చిన్న చెంబుతో నీళ్లు పోసి "గణపా, తాగు" అంటోంది. కుక్క కూడా వెనకాలే వెళ్లి కుండీ పక్కన కూర్చుంటుంది.

ఓరుగల్లు_నాన్న:
చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. ఒక సందేహం. విగ్రహం మట్టి బంకగా ఉంటుంది కదా, వేర్లకు గాలి ఆడుతుందా?

మిద్దెతోట_కాకినాడ:
మంచి ప్రశ్న. మట్టంతా ఒకే కుండీలో పోస్తే ఎండాక పైన పెచ్చు కడుతుంది, నీరు దిగదు. నేను పైన తేరిన నీళ్లే దానిమ్మకు పోశాను. అడుగున మిగిలిన బంకమట్టిని ఆరబెట్టి, చిదిపి, కంపోస్టు, కొబ్బరిపొట్టు ఎక్కువ పాళ్లలో కలిపి నాలుగు కుండీలకు పంచాను. వాటిలో మాచిపత్రి, వావిలి పెడదామని ఆదివారం కడియం నర్సరీలకు వెళ్తున్నాం. అసలైన మాచిపత్రిని వయ్యారిభామ నుంచి ఎలా గుర్తుపట్టాలో బామ్మగారు శనివారం లోపు చెబితే మేలు.

గోదావరి_బామ్మ:
ఆకు తుంచి నలిపి వాసన చూడు తల్లీ. మాచిపత్రికి ఘాటైన సువాసన ఉంటుంది, ఆకు అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది. తెల్లటి చిన్న పూలు గుత్తులుగా ఉంటే ముట్టుకోకు, అది వయ్యారిభామ. పాపకు టోపీ పెట్టు, కడియంలో ఎండ బాగా ఉంటుంది.