అప్‌డేట్: ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుళ్లకు యాక్సెస్ ఫారమ్, సేవ్ సమస్య తీరింది

ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో పనిచేయించే భాష) రానివాళ్లు మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి వివరాలు ఎక్కించాలంటే సులువైన ఫారమ్ ఎలా చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఆ సర్వర్ టేబుళ్లను ఓడీబీసీతో (వేరే డేటాబేస్‌కు కలిపే పద్ధతి) లింక్ చేశాను. ఇప్పుడు బాగా నడుస్తోంది.

ఒక టేబుల్ ఎడిట్ కాలేదు: ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే కాలమ్) లేదు. కీ పెట్టి, పాత లింక్ తీసేసి మళ్లీ లింక్ చేస్తే సరిపోయింది.

అసలు తలనొప్పి 'రైట్ కాన్‌ఫ్లిక్ట్' అనే ఎర్రర్. ఒక్కరే వాడుతున్నా, రికార్డును మరెవరో మార్చారని సేవ్ ఆగిపోయేది. కారణం బిట్ కాలమ్‌లోని (0 లేదా 1 ఉంచేది) నల్, అంటే ఏ విలువా లేకపోవడం. యాక్సెస్ ఎస్/నో ఫీల్డులో నల్ ఉండదు, దాన్ని 0గా చదువుతుంది. సేవ్ చేసేటప్పుడు పాత విలువను సర్వర్‌లో ఉన్నదానితో పోలుస్తుంది, 0కి నల్‌కి పొంతన కుదరదు. నల్‌లన్నీ 0గా మార్చి, డిఫాల్ట్ 0, నాట్ నల్ పెట్టండి. రోవర్షన్ కాలమ్ (రికార్డు మారిన ప్రతిసారీ సర్వర్ తానే మార్చే విలువ) కూడా చేర్చండి. అప్పుడు యాక్సెస్ అన్ని కాలమ్‌లకు బదులు దాన్నొక్కదాన్నే పోలుస్తుంది. చేర్చాక లింక్ రిఫ్రెష్ చేయడం మరవొద్దు.

ఫారమ్‌లోని కాంబో బాక్స్‌కి (లిస్టులోంచి ఎంచుకునే గడి) బౌండ్ కాలమ్ (టేబుల్‌లో సేవ్ అయ్యేది) 1, కాలమ్ కౌంట్ 2, మొదటి కాలమ్ వెడల్పు 0. ఐడీ దాగి పేరే కనిపిస్తుంది, లిస్టులో లేని పేరు టైప్ చేస్తే తీసుకోదు. వాడేవాళ్లకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఫ్రంట్ ఎండ్ ఫైల్ (ఫారమ్‌లు ఉన్న యాక్సెస్ ఫైల్) మాత్రం ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకు విడి కాపీ ఉండాలి. ఒకే ఫైల్‌ను అందరూ తెరిస్తే పాడైపోయే ప్రమాదం ఉంది.