థార్‌కు 2 అంగుళాల లిఫ్ట్ తర్వాత వెనక కంట్రోల్ ఆర్మ్‌లు: ఏవి వేయాలె, ఎట్ల వేయాలె?

చెలకబాట (హనుమకొండ):

బండి కొత్త థార్ (2020 తర్వాతి మోడల్), డీజిల్, మాన్యువల్. బండిని 2 అంగుళాలు లేపే స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జర్లు వేసి ఉన్నయి. టైర్లు కంపెనీ సైజే, 255/65 ఆర్18. వెనక ఆర్మ్‌లు (యాక్సిల్‌ను చాసీకి పట్టి ఉంచే కడ్డీలు), పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ పక్కకు జరగకుండ అడ్డంగ పట్టేది) కంపెనీవే, ఇంతవరకు ముట్టలే.

గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు, గట్టిగ బ్రేకు కొట్టినప్పుడు వెనక కింద టక్కుమని ఒక్క దెబ్బ వినపడుతది. 60, 75 స్పీడు మధ్యల సీటు కింద వణుకు వస్తాంది. యాక్సిలేటర్ మీదికెళ్లి కాలు తీస్తే తగ్గుతది. వెనక నిలబడి చూస్తే కుడి టైరు ఫెండర్ బయటికి వచ్చినట్టు, ఎడమది లోపలికి పోయినట్టు ఉంది.

వారమంతా ఊర్లె తిరుగుడే. నెలకు రెండుసార్లు ములుగు దిక్కు వాగులు, రాళ్ల బాటలు. వానకాలం నల్లరేగడి. ఆర్మ్‌లు పొడవు మార్చుకునేటివి కావాల్నా, ఫిక్స్‌డ్ సరిపోతయా? ఆర్మ్ కొసలల్ల బోల్టు చుట్టు ఉండే బుష్ రబ్బరుదా, పాలీ (గట్టి ప్లాస్టిక్) దా, లేకుంటె రోజ్ జాయింటా (గిన్నెల తిరిగే ఇనుప బంతి)? ఆటోనగర్ లేత్ షాపుల చేయిస్తే నమ్మొచ్చునా?

గుండుదారం:

అన్నా, నువ్వు చెప్పిన మూడూ మూడు వేరే జబ్బులు. ఆర్మ్‌లు కొనకముందే విడదీసి చూడు.

టైర్లు పక్కకు జరుగుడు పాన్‌హార్డ్ రాడ్డు పని. ఆర్మ్‌లు ఎన్ని మార్చినా అది పోదు. ఆ రాడ్డు ఒక కొస చాసీకి, ఇంకో కొస యాక్సిల్‌కు ఉంటది. బండి లేస్తే రాడ్డు వాలు పెరిగి, అడ్డంగ దాని కొలత తగ్గుతది. యాక్సిల్ చాసీ కొస ఉన్న దిక్కుకు గుంజుకపోతది. ఉదాహరణకు రాడ్డు 900 మి.మీ. పొడవు, రెండు కొసల ఎత్తుల తేడా మొదట్ల 60 అనుకో. 50 మి.మీ. లేపితే తేడా 110 అయితది, అడ్డం కొలత 898 నుంచి 893కు పడిపోతది. జరిగింది 5 మి.మీ.లే, కాని ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గుతది కాబట్టి కంటికి 10 మి.మీ. తేడా కొడుతది.

వణుకు పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి తగిలే యాక్సిల్ ముక్కు) కోణం వల్ల. కాలు తీస్తే తగ్గుతదంటె, లోడు మీద కోణం తప్పుతుందన్నట్టు. అయినా ముందుగాల ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌ను తిప్పే పొడుగు గొట్టం) పట్టుకొని మెలిపెట్టి చూడు. క్రాసుల (షాఫ్ట్ కొసలల్ల మడిచే జాయింట్ల) ఆట ఉంటె కోణాలు సరిచేసినా వణుకు పోదు.

ఇగ టక్కు. ఇంజన్ బంద్ చేసి, చక్రాలకు ముందు వెనక రాళ్లు పెట్టి, ఒక్కో బుష్ దగ్గర టైర్ లివర్ పెట్టి గుంజు. రబ్బరు నడిమి గొట్టాన్ని విడిచిపెట్టిందా, బోల్టే రంధ్రంల కదులుతుందా చూడాలె. బోల్టు కదిలితె బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంల సాగి ఉంటది. అప్పుడు ఎంత ఖరీదు ఆర్మ్ వేసినా టక్కు పోదు. రంధ్రం సరైన కొలతకు తెచ్చి, బ్రాకెట్‌కు మందమైన ప్లేట్ వాషర్ వెల్డ్ చేయాలె. చానామంది ఇది చూడకుండనే ఆర్మ్‌ల మీద పైసలు పెడుతరు.

పాకాల_గట్టు:

పైన చెప్పిన పరీక్షలు అయ్యాక కొనే సంగతి. ఈ బండికి వెనక కింద రెండు ఆర్మ్‌లు, పైన రెండు, అడ్డంగా పాన్‌హార్డ్. (2020కి ముందటి థార్‌కు వెనక కమాన్ పట్టీలు, ఈ చర్చ వాటికి వర్తించదు.) 2 అంగుళాలకు నాలుగు ఆర్మ్‌లూ అడ్జస్టబుల్ అక్కర్లేదని నా అభిప్రాయం. పై రెండు, పాన్‌హార్డ్ అడ్జస్టబుల్ తీసుకోండి. కిందివి కంపెనీ పొడవుతోనే గట్టివి వేయండి.

ఎందుకంటే, లిఫ్ట్‌తో యాక్సిల్ ముందుకు జరిగేది కొంచెమే. కింది ఆర్మ్ 500 మి.మీ. ఉండి, కొసల తేడా 40 నుంచి 90కి పెరిగిందనుకుంటే, ముందుకు వచ్చేది 6 నుంచి 7 మి.మీ. మాత్రమే. ఇబ్బంది పెట్టేది పినియన్ ముక్కు. పై ఆర్మ్ పొట్టిది, అందుకే దాని కొస తిరిగే వంపు బిగుతుగా ఉంటుంది. యాక్సిల్ కిందికి దిగేకొద్దీ పై భాగం ఎక్కువ ముందుకు వస్తుంది, ముక్కు వంగుతుంది. పై ఆర్మ్ పొడవు పెంచితే యాక్సిల్ పై భాగం వెనక్కి పోయి ముక్కు లేస్తుంది. కింది ఆర్మ్ పొడవు పెంచితే ముక్కు ఇంకా వంగుతుంది. ఈ ఒక్క విషయం తారుమారు చేసి, వణుకు రెట్టింపు చేసుకున్న బండ్లు చాలా ఉంటాయి.

బుష్‌ల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. ఒక చక్రం రాయెక్కి ఇంకోటి గుంటలో దిగినప్పుడు ప్రతి ఆర్మ్ తన పొడవు చుట్టూ మెలి తిరగాలి. రబ్బరు మెలి తిరగనిస్తుంది. రెండు కొసలా గట్టి పాలీ బుష్ వేస్తే మెలి తిరగదు, ఆ బలమంతా బ్రాకెట్ల వెల్డింగుల మీద పడి అక్కడ చీలిక వస్తుంది. పైగా గ్రీజు ఆరితే కీచుమంటుంది. రోజ్ జాయింటు ఎటైనా తిరుగుతుంది కానీ దుమ్ముకు తట్టుకోదు. కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల బాటల పొడి, వాగుల ఇసుక రెండూ గరుకైనవి, బంతికీ గిన్నెకూ మధ్య చేరి సానపట్టినట్టు అరగదీస్తాయి. అరిగితే ఇప్పుడున్న టక్కే మళ్లీ వస్తుంది. రోడ్డు చప్పుడంతా బండిలోకి తెస్తుంది కూడా.

మీ వాడకానికి ఒక కొస రబ్బరు బుష్, ఇంకో కొస గ్రీజు నిప్పల్ ఉండి విప్పి కప్పులు మార్చుకోగల బంతి జాయింటు సరిపోతుంది. కొనేముందు ఆ కప్పులు, రబ్బరు బుష్‌లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి. దొరకకపోతే ఆ ఆర్మ్ ఎంత మంచిదైనా వద్దు.

టర్నర్:

లేత్ షాపుల చేయించుడు గురించి.

పైపు సీడీఎస్, అంటే చల్లగ గుంజిన అతుకులేని ట్యూబు కావాలె. నీళ్ల పైపు, గేటుకు వాడే పైపు పనికిరావు. కింది ఆర్మ్‌కు 45 నుంచి 50 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం. అది రాళ్లకు తగులుతది, నడుమ వంగకుండ ఉండాలె. పై ఆర్మ్‌కు గుంజుడు, నూకుడే ఎక్కువ కాబట్టి కొంచెం సన్నగ ఉన్నా నడుస్తది.

పొడవు మార్చుకునే ఆర్మ్‌ల మర పైపు లోపలికి పోయిన పొడవు, మర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలె. 30 మి.మీ. మర అయితె 45 మి.మీ. లోపల ఉండాలె. పైపుకు ఆ లోతు దగ్గర ఒక చిన్న చూపు రంధ్రం కొట్టించు, అండ్ల మర కనపడకపోతే ఆర్మ్ ప్రమాదకరంగ బయటికి తిప్పినట్టే. జామ్ నట్ (మర తిరగకుండ పట్టే నట్) తప్పకుండ ఉండాలె. జామ్ నట్ వదులైతే మర రోజూ కొంచెం కొంచెం కొట్టుకొని పాడైతది.

బుష్ కూర్చునే రింగు వెల్డ్ చేసేటప్పుడు బుష్ లోపల ఉండొద్దు, వేడికి రబ్బరు కాలిపోతది. వెల్డ్ అయినంక రింగు లోపలి కొలత మారుతది, మళ్ల లేత్ మీద బోరు సాఫు చేసినంకనే బుష్ నొక్కాలె. వెల్డర్ చేతిల పనితనం లేకపోతే ఈ పని ఇయ్యకు. ఆర్మ్ తెగితే యాక్సిల్ తిరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడిపోతది, బండి స్టీరింగు మాట వినదు. కింది ఆర్మ్‌లు లేత్‌ల చేయించినా, మరలున్న పై ఆర్మ్‌లు మాత్రం తయారైనయే కొనుమంట.

చాసీ బ్రాకెట్ దగ్గర వెల్డింగు పడితే బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలె, డీజిల్ పైపులు, ఏబీఎస్ వైర్లు పక్కకు జరపాలె.

పాకాల_గట్టు:

బిగించే వరుస చెబుతాను, పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

విప్పకముందే కొలతలు రాసి పెట్టుకోండి. చదునైన సిమెంటు నేల, నాలుగు టైర్లలో సరైన గాలి. హబ్ నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు. హబ్ నడిమి నుంచి చాసీలో రెండు పక్కలా ఒకే చోట ఉన్న రంధ్రం దాకా దూరం. ఫెండర్ నుంచి తాపీ మేస్త్రీల గుండు వేలాడదీసి టైరు దాకా దూరం. అయస్కాంతంతో అంటుకునే యాంగిల్ గేజీతో ట్రాన్స్‌ఫర్ కేస్ (షాఫ్ట్ ముందు కొస బిగించి ఉన్న గేర్ల డబ్బా) ఫ్లాంజి కోణం, పినియన్ ఫ్లాంజి కోణం. చివరగా యాక్సిల్ మీద పై ఆర్మ్ బోల్టుకూ కింది ఆర్మ్ బోల్టుకూ మధ్య నిలువు దూరం.

బోల్టులకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టండి. యాక్సిల్ కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి బండి బరువు స్ప్రింగుల మీదే ఉండనివ్వండి. జాకీ మీద మాత్రమే బండి నిలిపి కిందికి దూరవద్దు. ఒకసారి ఒక్క ఆర్మే విప్పాలి, మిగతా మూడు యాక్సిల్‌ను పట్టి ఉంచుతాయి. రెండు విప్పితే యాక్సిల్ తిరిగి, రంధ్రాలు కలపడానికి సగం రోజు పోతుంది. కొత్త ఆర్మ్‌ను పాతదాని పక్కన పెట్టి, బోల్టు రంధ్రం నడిమి నుంచి నడిమికి అదే పొడవు పెట్టి ఎక్కించండి. కోణం సరిచేయడం తర్వాతి పని. రంధ్రం కొంచెం తప్పితే రాచెట్ స్ట్రాప్‌తో యాక్సిల్‌ను గుంజండి, బోల్టును సుత్తితో కొట్టి ఎక్కించవద్దు.

రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టునూ బండి తన బరువు మీద, మామూలు ఎత్తులో నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే లోపలి గొట్టం ఆ కోణంలో పట్టుబడుతుంది, బండి దించగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి ఉంటుంది, కొద్ది నెలల్లో చినుగుతుంది. నిజానికి మీ టక్కుకు కారణం ఇదే అయి ఉండొచ్చు. స్ప్రింగులు మార్చినప్పుడు ఆర్మ్ బోల్టులు వదులు చేసి, బండి దించి మళ్లీ బిగించకపోతే, పాత ఎత్తులో పట్టుబడిన రబ్బరు 50 మి.మీ. లేపిన మేరకు మెలితోనే తిరుగుతుంటుంది.

బోల్టులు 10.9 గ్రేడు, సెల్ఫ్ లాకింగు నట్లు కొత్తవి. టార్క్ ఎంతో సర్వీసు మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచితోనే బిగించండి.

చెలకబాట:

కొలతలు తీసిన. రెండు కింది ఆర్మ్‌ల ముందు బుష్‌లు చినిగినయి, బ్రాకెట్ రంధ్రాలు మంచిగనే ఉన్నయి. షాఫ్ట్‌కు రెండు కొసలా ఒక్కో క్రాసే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజి వెనక్కి 4 డిగ్రీలు దిగుడు, పినియన్ ముందుకు 1.5 డిగ్రీలు లేసుడు. బోల్టుల మధ్య 190 మి.మీ. గుండు కొలత కుడి 31, ఎడమ 42. కొనబోయే అడ్జస్టబుల్ పై ఆర్మ్‌ల మర 2 మి.మీ. పిచ్ (ఒక్క చుట్టుకు జరిగే దూరం), ఒక్క కొసకే.

పాకాల_గట్టు:

రెండు కొసలా ఒక్కో క్రాసు ఉంటే రెండు ఫ్లాంజులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అంటే పినియన్ కూడా 4 డిగ్రీలు లేవాలి. కానీ లోడు పడినప్పుడు ముక్కు తనంతట తనే పైకి లేస్తుంది, అందుకే ఒక డిగ్రీ తక్కువ, 3 దగ్గర ఆపండి. పెంచాల్సింది 1.5 డిగ్రీలు. 190 మి.మీ.కు ఒక డిగ్రీ అంటే 3.3 మి.మీ., మీకు 5 మి.మీ. కావాలి. 2 మి.మీ. పిచ్ కాబట్టి రెండున్నర చుట్లు, రెండు పై ఆర్మ్‌లకూ సమానంగా. ఇలా చేస్తే యాక్సిల్ కొంచెం వెనక్కి పోతుంది, లిఫ్ట్‌తో ముందుకు వచ్చింది కొంత సర్దుకుంటుంది.

పాన్‌హార్డ్: తేడా 11, కానీ సరిచేయాల్సింది సగం, 5.5 మి.మీ. పూర్తి 11 తిప్పితే అంతే తేడా రెండో పక్కకు వస్తుంది.

తర్వాత హబ్ నుంచి చాసీ రంధ్రం దాకా రెండు పక్కలా మళ్లీ కొలవండి. పక్కకు పక్కకు 2 మి.మీ. దాకా పర్వాలేదు. 5 దాటితే యాక్సిల్ వంకరగా ఉండి, తిన్నగా పోతున్నా స్టీరింగు ఒక పక్కకు తిరిగి ఉంటుంది.

గుండుదారం:

రోడ్డెక్కకముందు ఒక పని. చాసీని స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగులు తీసేసి, యాక్సిల్‌ను జాకీతో పూర్తిగ పైకి, పూర్తిగ కిందికి, తర్వాత ఒక పక్క పైకి ఇంకో పక్క కిందికి నడిపించు. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేకు కేబులు, యాక్సిల్ గాలి గొట్టం గుంజుకపోవద్దు. పై ఆర్మ్ బాడీకి గానీ ఎగ్జాస్ట్‌కు గానీ తగలొద్దు. షాకబ్జరే ఆఖరి ఆపు కావొద్దు, పైకి పోయినప్పుడు బంప్ స్టాపే (యాక్సిల్‌ను ఆపే రబ్బరు దిమ్మ) ముందు తాకాలె.

కాగితాల సంగతి గూడ చూసుకో. ఆర్సీల ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరవు. 2019 సవరణల వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు ఉండొచ్చు. లిఫ్ట్ గురించి ఆర్టీఏల, ఇన్సూరెన్సు కంపెనీల రాతపూర్వకంగ అడుగు. పాత ఆర్మ్‌లు, బోల్టులు పారేయకు.

టర్నర్:

బిగించినంక ప్రతి నట్ మీదికెళ్లి బ్రాకెట్ దాకా తెల్ల పెయింటుతోని ఒక గీత పెట్టు. 100 కి.మీ.కు ఒకసారి, 500కు ఒకసారి చూడాలె. గీత తెగితె నట్ కదిలినట్టు. అప్పుడు మళ్ల టార్క్ రెంచి పెట్టు, మామూలు పానాతోని అంచనాకు బిగించకు. జామ్ నట్లకు గూడ ఇదే లెక్క.

నల్లరేగడిల తిరిగినంక అదే రోజు కింద నీళ్లు కొట్టించు. ఆ మట్టి ఎండితె సిమెంటు లెక్క పట్టి, జాయింటు రబ్బరు మూతను చింపుతది. కడిగినంక నిప్పల్ల గ్రీజు కొట్టు. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, కొత్తది శుభ్రంగ కనపడేదాక.

చెలకబాట:

పై ఆర్మ్‌లు, పాన్‌హార్డ్ అడ్జస్టబుల్ తీసుకుంట. కిందివాటికి ఇప్పటికి కొత్త రబ్బరు బుష్‌లు వేసి, బండి నేల మీద ఉన్నప్పుడే బిగిస్త. కోణం సరిచేసి నడిపినంక వణుకు ఏ స్పీడుల మిగిలిందో ఇక్కడనే రాస్త.