తీవ్రవాదుల వీడియోలు: ఆనవాలు లేకుండా తుడిచేయాలా, దాచి ఉంచాలా?

నీలిసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన వారం మా అక్క కొడుకు ఫోన్‌లో ఒక క్లిప్ చూశాను. పిల్లాడికి పదహారేళ్లు. క్లిప్ అర నిమిషం కూడా లేదు. తెర కింద తుపాకీ గొట్టం, మూలన పాయింట్ల లెక్క, వెనకాల హుషారైన పాట. ఏదో గేమ్ అనుకున్నాను. కాదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన హంతకుడు హెల్మెట్‌కి కెమెరా పెట్టుకుని తీసిన వీడియో అది. అందులోంచి కోసిన ముక్కకి ఎవరో పాట అతికించారు. మావాడికి ఆ సంగతే తెలియదు. "గ్రూపులో ఎవరో పెట్టారు పిన్నీ, ఎడిటింగ్ బాగుందని ఉంచుకున్నా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటివి ఎక్కడా మిగలకూడదని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్‌లో 2022 జూన్ నుంచి ఒక నియమం ఉంది: అధికారుల ఆదేశం అందిన గంటలోపు ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి వేదికలు వాటిని తీసేయాలి. అన్ని దేశాలూ ఆ పని ఎందుకు చేయకూడదు?

గోడగడియారం

గంటలో ఎంత జరుగుతుందో ఆ వీడియోనే చూపించింది, నీలిసిరా గారూ. హంతకుడు దాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్‌గా పెట్టాడు. ఆ కంపెనీ తనే చెప్పిన లెక్కలివి. లైవ్ నడిచింది 17 నిమిషాలు. లైవ్‌లో చూసినవాళ్లు 200 మంది లోపే. వాళ్లలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. లైవ్ ముగిసిన 12 నిమిషాలకు మొదటి ఫిర్యాదు వచ్చింది. ఆ తర్వాతి 24 గంటల్లో ఆ ఒక్క కంపెనీ తొలగించిన కాపీలు 15 లక్షలు. వాటిలో 12 లక్షలకు పైగా ఎక్కుతుండగానే ఆగాయి, మిగతావి జనం కళ్లముందుకు వచ్చాకే పోయాయి.

హంతకుడు పెట్టింది ఒక్కసారే. మిగతాదంతా ఎవరు చేశారు? కొందరు పనిగట్టుకుని చేశారు. కానీ "అయ్యో, ఎంత ఘోరమో చూడండి" అని పంపినవాళ్లూ ఉన్నారు. ప్రచారం నడిచేది ఆ చేతుల మీదుగానే.

దారపుఉండ

మరి మెషీన్లు పట్టుకోలేవా? ప్రతి వీడియోకీ వేలిముద్ర లాంటి కోడ్ ఉంటుందని, కంపెనీలు దాన్ని పంచుకుంటాయని విన్నాను.

గోడగడియారం

పంచుకుంటాయి. ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్, యూట్యూబ్ కలిసి 2017లో అందుకే ఒక కూటమి పెట్టుకున్నాయి. కానీ వీడియోని టీవీ మీద ఆడించి ఫోన్‌తో మళ్లీ తీస్తే, అంచులు కోస్తే, రంగు మారిస్తే ఆ వేలిముద్ర కలవకపోవచ్చు. క్రైస్ట్‌చర్చ్ వీడియోకి అలా 800కు పైగా రూపాలు దొరికాయి. 2022లో అమెరికాలోని బఫెలోలో కాల్పులు మొదలైన రెండు నిమిషాల్లోపే హంతకుడి లైవ్‌ని ట్విచ్ అనే వీడియో వేదిక ఆపేసింది. ఇంతకన్నా వేగం ఎవరూ అడగలేరు. అయినా ఆలోపే ఎవరో కాపీ చేసేసుకున్నారు, అది వేరే సైట్‌లో లక్షలసార్లు ఆడింది.

పాతడెస్క్

నేను చాలా ఏళ్లు టీవీ డెస్క్‌లో పనిచేశాను. ఇక్కడ అందరూ సోషల్ మీడియానే తిడుతున్నారు కాబట్టి మా సంగతి కూడా చెప్పాలి. 2008 నవంబర్‌లో ముంబై దాడులప్పుడు ఛానళ్లు కమాండోల కదలికల్ని లైవ్‌లో చూపించాయి. పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అదే టీవీలో చూస్తూ, లోపలున్నవాళ్లకి ఫోన్‌లో సూచనలిచ్చారు. 2012లో సుప్రీంకోర్టు తన తీర్పులో ఛానళ్లని దీనిమీద గట్టిగానే తప్పుపట్టింది.

నేను పనిచేసిన ఒక ఛానల్‌లో, ఇంకో దాడి తర్వాత, ముసుగు మనుషులు పంపిన వీడియోని ముఖాలు మసకచేసి, సంగీతం కలిపి సాయంత్రమంతా తిప్పాం. ఆ సంగీతం వేసింది నేనే. అప్పుడది తప్పనిపించలేదు, టీఆర్పీ టెన్షన్ అలాంటిది. నీలిసిరా గారి అక్క కొడుకు ఫోన్‌లోని క్లిప్‌కి పాట పెట్టినవాడు చేసిందీ అదే కదా అని ఇవాళ అనిపించి, రాయకుండా ఉండలేకపోయాను. న్యూజిలాండ్ అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ హంతకుడి పేరు తన నోట ఎన్నడూ రాదని పార్లమెంటులో చెప్పారు. వార్తల వాళ్లు ముందు ఆ పద్ధతి నేర్చుకోవాలి.

దారపుఉండ

పాట సంగతి ఎత్తారు కాబట్టి ఆఫ్రికాలోని రువాండా గుర్తొస్తోంది. 1993లో మొదలైన ఆర్‌టీఎల్‌ఎమ్ రేడియోని కుర్రకారు విన్నది హుషారైన పాటల కోసం, సరదా కబుర్ల కోసం. 1994లో నరమేధం మొదలయ్యాక అదే గొంతులు ఎవరిని వెతికి పట్టుకోవాలో పేర్లు చదివాయి. అక్కడ ఇంటర్నెట్ లేదు. ముందు చెవికి ఇంపుగా అలవాటవడం, తర్వాత విషం. మీ పిల్లాడు "ఎడిటింగ్ బాగుంది" అనడం నన్ను అందుకే ఎక్కువ భయపెట్టింది.

ఇసుకగడియ

తుడిచేయండి అంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 2017లో యూట్యూబ్ కొత్త మెషీన్ పద్ధతి తెచ్చినప్పుడు, తీవ్రవాదుల వీడియోలతోపాటు సిరియా యుద్ధాన్ని ప్రాణాలకు తెగించి చిత్రీకరించిన సామాన్యుల వీడియోలు కూడా వేలకొద్దీ పోయాయి. బాంబు పడిన ఆసుపత్రిని తీసిన వీడియోకీ, బాంబు వేసినవాడు గొప్పలు పోతూ పెట్టిన వీడియోకీ తేడా మెషీన్‌కి తెలియదు. అదే ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియా కమాండర్ ఒకడి మీద అరెస్టు వారెంట్ ఇచ్చింది. అందుకు ముఖ్యమైన ఆధారం సోషల్ మీడియాలో తిరిగిన హత్యల వీడియోలే. అవి మాయమైపోయి ఉంటే? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

నీలిసిరా

ఇసుకగడియ గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. జనానికి కనపడకుండా చేయాలి, కాపీని మాత్రం కోర్టులకీ పరిశోధకులకీ అందేలా తాళంవేసి ఉంచాలి. కానీ పిల్లల చేతికి చేరుతుంటే "సాక్ష్యం" అన్న మాటతో చేతులు దులుపుకోలేం.

గోడగడియారం

ఒకచోట తరిమేస్తే ఇంకోచోటికి పోతారు, లాభం లేదని కొందరంటారు. వాళ్లకి ఒక మాట. 2014 చివర్లో ఐసిస్ మద్దతుదారులకి ట్విటర్‌లో కనీసం 46,000 ఖాతాలుండేవని అమెరికా పరిశోధన సంస్థ బ్రూకింగ్స్ అధ్యయనం లెక్కగట్టింది. వాటిని మూయించాక వాళ్లు టెలిగ్రామ్‌కి చేరారు. 2019 నవంబర్‌లో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్‌తో కలిసి టెలిగ్రామ్ అక్కడా ఊడ్చేసింది. ప్రతిసారీ వాళ్ల మాట వినేవాళ్లు తగ్గారు.

ఇసుకగడియ

తగ్గారు, నిజమే. కానీ మిగిలినవాళ్లు తలుపులేసుకున్న గదిలో కూర్చున్నారు. అక్కడ "ఇది తప్పురా" అనేవాడు ఒక్కడూ ఉండడు. నా దిగులు ఆ కొద్దిమంది గురించే.

పాతడెస్క్

నీలిసిరా గారూ, పిల్లాడితో మాట్లాడారా?

నీలిసిరా

నిన్న రాత్రి మాట్లాడాను. తిట్టలేదు. ఆ రోజు చనిపోయినవాళ్లలో మూడేళ్ల పిల్లాడు ఉన్నాడని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తనే క్లిప్ తీసేసి, గ్రూపులోంచి బయటికొచ్చాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, ఇద్దరు స్నేహితులకి తనే పంపాడట. ఇవాళ సాయంత్రం ఆ పిల్లల ఇళ్లకి వెళ్తున్నాం, వాడూ వస్తానన్నాడు.